తెలుగునాట అక్షరచిత్రకళ

చదవడానికి రాసిన అక్షరాన్ని ఆగి చూసేటట్టు కూడా తీర్చడం అక్షరచిత్రకళ. వాడుకలో దీన్ని కాలిగ్రఫీ అంటున్నారు. చైనా, జపాన్, ఇరాన్, అరబ్బు దేశాల్లో దీనికి చిత్రలేఖనంతో సమానమైన గౌరవం ఉంది. కొన్ని కాలాల్లో దానికి మించిన గౌరవమే దక్కింది. తెలుగులో కథ వేరేగా నడిచింది. ఫలానా గురువు బాణీ అని చెప్పుకునే శిష్యపరంపర మనకు మిగల్లేదు. అక్షరాల కొలతలు చెప్పే శాస్త్రగ్రంథమేదీ వాడుకలోకి రాలేదు. మన అక్షరానికి అందం దిద్దినవాళ్లు తాటాకుల మీద గంటం నడిపిన లేఖకులు, ఊరి లెక్కలు రాసిన కరణాలు, పత్రికలకు శీర్షికలు గీసిన చిత్రకారులు, సినిమా పోస్టర్ల డిజైనర్లు, అంగళ్ల బోర్డులు రాసిన ఆర్టిస్టులు. జీతానికో కూలికో రాసిన రాత ఇక్కడ కళ అయింది. ఈ చరిత్రకు రెండు కొసలూ పాత పశ్చిమ గోదావరి జిల్లాలోనే దొరుకుతాయి. ఒకటి కామవరపుకోట మండలం గుంటుపల్లి కొండ మీది బ్రాహ్మీ శాసనాలు, రెండోది నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత.

ఇతర దేశాల్లో

చైనాలో కుంచె, సిరా, కాగితం కలిసి రాతను శరీరవిద్యగా మార్చాయి. వాంగ్ షీజి 353లో రాసిన లాన్‌టింగ్ పీఠిక మూలప్రతి ఎప్పుడో పోయింది. నకళ్లు చూసి నేర్చుకోవడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు. ఇంత బరువున్న సంప్రదాయాన్ని చైనా చిత్రకారుడు షూ బింగ్ తలకిందులు చేశారు. 1987-91 మధ్య సుమారు నాలుగు వేల అక్షరాలను కొయ్యమీద చెక్కి, వాటితో పుస్తకాలూ పొడవాటి చుట్టలూ అచ్చువేశారు. ఆ అక్షరాల్లో ఒక్కదానికీ అర్థం లేదు, అన్నీ ఆయన కల్పించినవే. చైనా భాష వచ్చినవాళ్లూ రానివాళ్లూ దాని ముందు ఒకేలా నిరక్షరాస్యులవుతారు. జపాన్‌లో 1952లో మొరితా షిర్యూ, ఇనోఉయే యూఇచి తదితరులు బొకుజిన్‌కై అనే బృందం కట్టి, రాతను నైరూప్య చిత్రకళ పక్కన నిలబెట్టారు. వృత్తిరీత్యా బడిపంతులైన ఇనోఉయే, పేదరికం అనే అర్థమున్న ఒకే ఒక్క అక్షరాన్ని ఏళ్ల తరబడి పెద్ద పెద్ద కాగితాల మీద రాస్తూ వచ్చారు.

అరబ్బు రాతకు పునాది కొలత. బాగ్దాదులో వజీరుగా ఉండి 940లో మరణించిన ఇబ్న్ ముక్లా, కలం మొనతో పెట్టిన చుక్కనే కొలబద్దగా తీసుకుని ప్రతి అక్షరం ఎన్ని చుక్కల ఎత్తు, ఎన్ని చుక్కల వెడల్పు ఉండాలో నిర్ణయించాడు. రాజకీయాల్లో ఓడిపోయినప్పుడు అతని కుడిచేయి నరికించారు. ఇరవయ్యో శతాబ్దంలో ఇరాక్, సూడాన్, ఇరాన్ చిత్రకారులు అక్షరాన్ని మతగ్రంథం నుంచి చిత్రఫలకం మీదికి తెచ్చారు. పర్వీజ్ తనావలీ 1965 నుంచి 'హీచ్' అనే పారశీక పదాన్ని శిల్పాలుగా పోతపోస్తున్నారు. ఆ మాటకు 'ఏమీ లేదు' అని అర్థం. కైరోలో చెత్త ఏరుకుని బతికేవాళ్లుండే మన్షియత్ నాసర్ పేటలో ఎల్ సీడ్ 2016లో సుమారు యాభై ఇళ్ల గోడల మీద ఒకే వాక్యాన్ని ముక్కలుగా రాశారు. పక్కనున్న ముకత్తమ్ కొండెక్కి ఒకచోట నిలబడితేనే ఆ ముక్కలు కలిసి వాక్యమవుతాయి. చైనా కాలిగ్రఫీ 2009లో, అరబ్బు కాలిగ్రఫీ 2021లో యునెస్కో జాబితాకెక్కాయి.

ఐరోపాలో అచ్చు వచ్చాక చేతిరాత వెనకబడింది. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ పాత ప్రతులు పరిశీలించి, వెడల్పు మొన కలం పట్టే తీరును తిరిగి నేర్చుకుని 1906లో పాఠ్యగ్రంథం రాశారు. లండన్ భూగర్భ రైల్వే బోర్డుల అక్షరాలు 1916లో ఆయన చేతి నుంచే వచ్చాయి. గొప్ప కాలిగ్రాఫర్ రైలుస్టేషన్ బోర్డు రాయడం నామోషీ కాదన్న సంగతి, బోర్డు ఆర్టిస్టుల దగ్గరికి వచ్చేటప్పుడు గుర్తుంచుకోదగ్గది.

గుంటుపల్లి, వేంగి

కామవరపుకోటకు పడమరగా జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలున్నాయి. కొండను తొలిచిన గుండ్రటి చైత్యం, ఇటుకల చైత్యం, చిన్నాపెద్దా రాతి స్తూపాలు ఒకే గుట్టమీద కనిపిస్తాయి. చైత్యంలోని స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడుగా కొలుస్తారు. బయటివాళ్లు శిల్పం చూసి తిరిగివెళ్తారు కానీ, ఈ వ్యాసానికి కావలసింది అక్కడి ఒక మండపపు స్తంభాల మీది శాసనం. కళింగ మహిషక దేశాలకు అధిపతి, మహామేఘవాహన వంశీకుడు అయిన రాజు దగ్గర లేఖకుడిగా ఉన్న చుళగోముడు ఆ మండపాన్ని దానం చేశాడని దాని సారాంశం. మొదట చదివినప్పుడు ఆ రాజు ఖారవేలుడేనన్నారు. తర్వాతి పరిశోధకులు సిరిసదుడని సరిచేశారు. రాజు ఎవరన్న దానిమీద జరిగినంత చర్చ దాత వృత్తి మీద జరగలేదు. రాత పని చేసుకునేవాడు మండపం కట్టించే స్తోమతు సంపాదించడం, తన పేరునూ ఉద్యోగాన్నీ రాతిలో చెక్కించుకోవడం చిన్న విషయం కాదు. మన ప్రాంతంలో రాతపనివాడి పేరు ఇంత పాతకాలం నుంచి నిలిచి ఉండడం అరుదు.

అక్కడి బ్రాహ్మీ అక్షరాల్లో నిలువుగీతలు, అడ్డగీతలు, కోణాలు ఎక్కువ. కొత్తగా చూసేవాళ్లకు అది తెలుగుకు పూర్వరూపమంటే నమ్మబుద్ధి కాదు. కృష్ణకు దిగువన భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ బయటపెట్టిన ధాతుపేటికల మీది లిపి ఇంకా పాతది. ఆ తర్వాత వేంగి. ఏలూరు పక్కనున్న నేటి పెదవేగే శాలంకాయనుల రాజధాని. తూర్పు చాళుక్యులూ వేంగిని ఏలారు. వాళ్ల రాగిశాసనాల్లో అక్షరం గుండ్రబడుతూ రావడం చూడవచ్చు. రేకుల్ని ఒక కడియానికి గుచ్చి, దానికి ముద్ర పోసేవారు. ఆ ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశంతోపాటు 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు ఉంటుంది. రేకుల మీద అక్షరం లోపలికి చెక్కింది, ముద్రమీద అక్షరం పైకి ఉబ్బింది. బొమ్మల నడుమ చోటుచూసుకుని ఆ అక్షరాలను సర్దిన తీరు నేటి లోగో డిజైనర్ పనికి దగ్గరగా ఉంటుంది.

కడప జిల్లా కలమళ్లలో దొరికిన ధనంజయుని శాసనం సుమారు 575 నాటిది, తెలుగు మాటలతో సాగే తొలి శాసనాల్లో ఒకటి. తెలుగు, కన్నడ లిపులు స్పష్టంగా వేరుపడేసరికి పదమూడో శతాబ్దం దాటింది. కన్నడంలో తలకట్టు అడ్డంగా పరుచుకుంది, తెలుగులో అది కొస పైకి లేచి విడిగా నిలబడింది. నేటి అక్షరచిత్రకారుడి పనితనం సగం ఆ చిన్న టిక్కులోనే తెలిసిపోతుంది.

గంటం

తెలుగు అక్షరం గుండ్రన కావడానికి తాటాకు కారణమని బడిలో చెబుతారు. మాట నిజమే, కానీ అందులో సగమే ఉంది. ఆకు ఈనెల వెంబడి గంటంతో తిన్నటి గీత గీస్తే చీలిపోతుంది, అందుకని గీత వంపు తిరిగింది. రెండో సగం గంటం మొనలో ఉంది. అది ఇనుప సూది. సూది గీసే గీతలో లావూ సన్నమూ రావు. అరబ్బు కలానికి ఏటవాలు కోత ఉంది, చైనా కుంచెకు నొక్కుడు ఉంది, దేవనాగరి రాసిన రెల్లు కలానికి వెడల్పు మొన ఉంది. ఆ పనిముట్లు తామే లావుసన్నాల్ని పుట్టిస్తాయి. గంటం అలాంటిదేమీ ఇవ్వదు. అందుచేత తెలుగు రాత అందమంతా వంపులో, సమానమైన ఎడంలో, వత్తుల అమరికలో వెతుక్కోవలసి వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మనవాళ్లు మెచ్చుకునేది ఒకే పరిమాణంలో ఒదిగిన గుండ్రదనాన్నే.

పని తీరు ఇలా ఉండేది. ముదరని ఆకులు కోసి, ఈనె తీసి, ఒకే కొలతకు కత్తిరించి, పసుపు వేసి ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నగా రుద్దేవారు. చిల్లి పొడిచి తాడు దూర్చేవారు. రాసేటప్పుడు ఆకు ఎడమచేతిలో ఉంటుంది. గంటం కుడి పిడికిట్లో నిలిచి ఉంటుంది, ఎడమ బొటనవేలు దాన్ని ముందుకు తోస్తుంది. చేయి కదిలేది కొంచెమే, ఆకే జరుగుతుంది. గీసినంతసేపూ అక్షరం సరిగా కనపడదు, రంగులేని గాటు మాత్రమే. అంతా అయ్యాక దీపపు మసిని నూనెలోనో ఆకుపసరులోనో కలిపి పూసి తుడిస్తే గాట్లలో నలుపు నిలిచి, అప్పుడు అక్షరం తేలుతుంది. కళ్లకంటే వేళ్లు ఎక్కువ చదువుకున్న రాత అది. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు, తిరుపతి లిఖితప్రతుల భాండాగారాల్లో ఇలాంటి కట్టలు చూడవచ్చు. కవులు మరో వినోదం కూడా పెట్టుకున్నారు. పద్యంలోని అక్షరాలను పాము మెలికల్లోనో, చక్రంలోనో, కత్తి ఆకారంలోనో అమర్చి చదివించే నాగబంధం, చక్రబంధం, ఖడ్గబంధం చిత్రకవిత్వంలో భాగమయ్యాయి. అక్షరం రూపానికి కాక దాని స్థానానికి అలంకారం చేయడమిది.

కాగితం, కలం వచ్చాక పుట్టింది గొలుసుకట్టు. కరణాలు కలం ఎత్తకుండా అక్షరాలను ఒకదానికొకటి తగిలించి రాసిన వేగపు రాత అది. తలకట్లు తేలిపోతాయి, గుడులు పక్క అక్షరంలోకి జారతాయి. దస్తావేజుల్లో, లెక్కల పుస్తకాల్లో, కైఫీయతుల్లో ఉన్నది ఎక్కువగా ఈ బాణీయే. భూమి తగాదా వచ్చి పాత కాగితం తీసినప్పుడు చదవగలిగిన ముసలాయన కోసం ఊళ్లు గాలించడం మొన్నమొన్నటిదాకా ఉన్న పనే. నా మటుకు నాకు తెలుగులో కుంచెరాతకు అత్యంత దగ్గరి బంధువు గొలుసుకట్టే అనిపిస్తుంది. చేతి వేగం, మనిషి తొందర, కలంలో సిరా తగ్గిపోవడం అన్నీ అందులో కనిపిస్తాయి. దాన్ని దస్తావేజుగా భద్రపరిచాం తప్ప అందంగా ఎప్పుడూ చూడలేదు. ఆ కైఫీయతులను పోగుచేయించిన కాలిన్ మెకంజీ సేకరణకు వెన్నెముకగా నిలిచిన కావలి సోదరులు ఏలూరువాళ్లు. వారిలో పెద్దపేరు పొందిన బొర్రయ్య 1776లో పుట్టి 1803లోనే పోయాడు. పాత కన్నడ శాసనాల లిపిని చదివే దారి పట్టుకున్నవాడతను. లిపుల్ని రూపం చూసి గుర్తుపట్టే విద్యలో ఇంత చిన్నవయసులో అంత పని చేసినవాళ్లు కొద్దిమందే.

అచ్చులోకి తెలుగు 1746లోనే, జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ పుస్తకాలతో ప్రవేశించింది. అది కథలో పెద్ద మలుపే అయినా, అందం విషయంలో అచ్చు చాలాకాలం మన అక్షరానికి ఉపకారం కంటే ఇబ్బందే ఎక్కువ చేసింది. పైన గుడి, కింద వత్తు, దానికింద మరో వత్తు ఉన్న లిపిని సీసపు దిమ్మల్లో ఇరికించడం అచ్చుకూర్పరులకు తలనొప్పి. వరుసల మధ్య ఎడం పెరిగింది, వత్తులు చిక్కిపోయాయి.

బాపు, ఈశ్వర్, మోహన్

సత్తిరాజు లక్ష్మీనారాయణ, లోకానికి బాపు, 1933 డిసెంబర్ 15న నరసాపురంలో పుట్టి 2014 ఆగస్టు 31న చెన్నైలో మరణించారు. చిత్రకారుడు, సినిమా దర్శకుడు అన్న పేర్ల కింద ఆయన మూడో విద్య కొంత మరుగున పడింది. తెలుగు అక్షరానికి కుంచెనడకను అలవాటు చేసింది ఆయనే. పుస్తకాల అట్టలు, కథల శీర్షికలు, కార్టూన్ల కింద మాటలు, సినిమా టైటిళ్లు, శుభలేఖలు అన్నిచోట్లా ఆ రాత ఉంది.

దగ్గరగా చూస్తే ఆయన చేసిన పని తెలుస్తుంది. మామూలు తెలుగు అక్షరం ఒంటరిగా కూర్చునే గుండ్రటి వస్తువు. బాపు దాన్ని కాస్త నిలువుగా సాగదీసి, గుండ్రంలో ఒకవైపు లావు, ఇంకోవైపు సన్నం తెచ్చారు. గంటం ఇవ్వని లావుసన్నాల్ని కుంచెతో ఇచ్చారన్నమాట. తలకట్టు అక్షరానికి అంటీ అంటనట్టు ఎగురుతుంది. దీర్ఘాల కొసలు పదునుగా తెగుతాయి. వత్తులు కింద వేలాడకుండా పై అక్షరం ఒడిలోకి దూరతాయి. 'శ్రీ' తీసుకోండి. క్రావడిని ఎడమవైపుకు లేపాలా, కుడివైపు దిగువన చుట్టి వదలాలా అన్నది రాసేవాడి ఇష్టం. ఎడమకు లేపితే అక్షరం ఊయలలో కూర్చున్నట్టు బరువుగా ఉంటుంది, కుడికి వదిలితే నడుస్తుంది. శీర్షిక మొదట్లో ఏది రావాలి, పదం మధ్యలో ఏది రావాలి అన్న ఎంపికే అక్షరచిత్రకారుణ్ని మంచి దస్తూరీ ఉన్నవాడి నుంచి వేరుచేస్తుంది.

బాపు తొలి సినిమా సాక్షి 1967లో వచ్చింది. ఆ సినిమాతోనే ప్రచార చిత్రకారుడిగా ప్రవేశించిన ఈశ్వర్ పాలకొల్లువారు. మద్రాసులో దశాబ్దాలపాటు వేల సినిమాలకు పోస్టర్లూ టైటిళ్లూ రూపొందించి, చివర్లో 'సినిమా పోస్టర్' అనే పుస్తకంలో ఆ వృత్తి చరిత్ర రాసిపెట్టారు. సినిమా టైటిల్ అక్షరం కథ రకాన్ని దూరంనుంచే చెప్పాలి. జానపదానికి కత్తి మొనల్లాంటి కొసలు, పౌరాణికానికి గోపురం బరువు, కుటుంబ కథకు గుండ్రటి మెత్తదనం, నేరకథకు పగిలిన అంచులు. తెలుగు ప్రేక్షకుడు ఈ భాషను ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. ఇదే నేలమీది మరో పేరు ఏలూరులో పుట్టిన కార్టూనిస్టు మోహన్. ఆయన 2017లో మరణించారు. రాజకీయ పోస్టర్ల, పుస్తకాల అట్టల అక్షరాల్లో బాపు నాజూకుకు ఎదురుగా మొరటైన, విసురైన గీతను నిలబెట్టారు. బాపు రాతను అనుకరించినవాళ్లు వందలమంది. మోహన్‌ది అనుకరించడం కష్టం, ఎందుకంటే అందులో నియమం తక్కువ, మనిషి ఎక్కువ.

బోర్డులు, గోడలు

ఏలూరు, తాడేపల్లిగూడెం బజార్లలో ఒకప్పుడు ప్రతి బోర్డు కింది మూలన చిన్న అక్షరాల్లో ఒక పేరూ, దాని పక్కన 'ఆర్ట్స్' అన్న మాటా ఉండేవి. ఆ సంతకమే ఆర్టిస్టుకు ప్రకటన. రైసుమిల్లు పేరు, ఎరువుల కొట్టు, టూరింగు టాకీసు తెర పక్కన స్లైడు, లారీ వెనక పిల్లల పేర్లు, ఎన్నికల గోడరాత అన్నీ ఆ చేతులవే. పని మొదలు సుద్ద పూసిన దారంతో. ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గోడమీద తెల్లటి గీత పడుతుంది. ఇంగ్లీషుకు రెండు గీతలు చాలు. తెలుగుకు తలకట్టుకొకటి, అక్షరం అడుగుకొకటి, వత్తులకు మరొకటి వేసుకోవాలి. లేదా రెండే వేసుకుని వత్తుల్ని లెక్కలేకుండా కిందికి వదిలేయాలి. తర్వాత సుద్దముక్కతో అక్షరాల బాహ్యరేఖ, బల్లపరుపు కుంచెతో ఎనామిల్ నింపుడు, ఆరాక ఒక పక్కన షేడు. 'ష్ట్ర' లాంటి సంయుక్తాక్షరం వస్తే బోర్డు ఎత్తు చాలదు. వత్తును పక్కకు జరిపి కొత్త రూపం కనిపెట్టాల్సిందే. మన లిపిలో చాలా కొత్త అమరికలు ఇలా చోటు చాలక పుట్టాయి.

2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఒక రోజులో, తక్కువ ధరకు, నాయకుడి ఫొటోతో సహా. బోర్డు ఆర్టిస్టుల్లో చాలామంది కుంచె పక్కనపెట్టి ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు, మిగిలినవాళ్లు ఇళ్లకు రంగులు వేసే పనిలోకి వెళ్లారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు గుడ్డ బ్యానర్ల మాట కొంతకాలం మళ్లీ వినిపించింది. బియ్యపు గింజ మీద పేర్లు రాసే సూక్ష్మకళకు పత్రికల్లో దొరికే చోటు బోర్డు రాతకు ఎన్నడూ దొరకలేదు. గింజమీద రాయడం సాహసమే, కాని అక్కడ మెచ్చుకునేది అక్షరాన్ని కాదు, కంటిచూపును.

హైదరాబాదు ఉర్దూ రాత

తెలుగు రాష్ట్రాల్లో గురుపరంపర ఉన్న కాలిగ్రఫీ ఒకటుంది. అది ఉర్దూ, పారశీక, అరబ్బు రాత. కుతుబ్‌షాహీ సమాధుల నల్లరాళ్ల మీది శాసనాలు, బాద్షాహీ అషుర్‌ఖానాలో 1611 నాటి రంగుపలకల మీది అక్షరాలు దాని పాత నమూనాలు. ఉర్దూ పత్రికలు కంప్యూటర్లకు మారేదాకా కాతిబులు, అంటే రాతగాళ్లు, చేత్తో రాసి ఇచ్చిన పుటలే అచ్చయ్యేవి. చార్మినార్‌కు దగ్గర్లోని ఛత్తా బజారులో పెళ్లికార్డుల ముద్రాపకుల దగ్గర ఆ రాత ఇంకా కొంత మిగిలింది. అంగళ్ల బోర్డులు రాస్తూ ఉర్దూ అక్షరాలు నేర్చుకుని, ఆపైన మసీదుల గోడల మీద ఖురాను వాక్యాలు రాసేదాకా ఎదిగిన అనిల్ కుమార్ చౌహాన్ ఈ నగరంవారే. బోర్డు నుంచి కళకు వెళ్లే దారి ఒక్క తెలుగుకే చెందింది కాదన్నమాట.

చిత్రఫలకం, కంప్యూటర్

దక్షిణాదిన అక్షరాన్ని ఆధునిక చిత్రంలోకి గట్టిగా తెచ్చినవారు కె.సి.ఎస్. పణిక్కర్. 1963 నుంచి గీసిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' వరుసలో జాతకచక్రాల్లాంటి గళ్లు, చదవడానికి లొంగని రాతలు చిత్రమంతా పరుచుకుంటాయి. 1966లో ఆయన చొరవతో మద్రాసు దగ్గర ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామం తెలుగు చిత్రకారులకూ ఆశ్రయమైంది. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ ఘట్టాల పక్కన తెలుగు పంక్తులు పట్టీలుగా రాయడం అంతకంటే ఎంతో పాతది. వెదురుపుల్ల చివర గుడ్డచుట్టి, బెల్లం, ఇనుపతుక్కు ఊరబెట్టిన నల్లరంగులో ముంచి ఆ కలం గీస్తుంది. బొమ్మ గీసే చేతే అక్షరం కూడా రాస్తుంది కాబట్టి రెండింటి గీతా ఒకటే. ఈనాటి గ్యాలరీ చిత్రాల్లో చాలాసార్లు లోపించేది ఇదే. బొమ్మ ఒకరిదీ అక్షరం కంప్యూటర్‌దీ అయినట్టుంటుంది.

కంప్యూటర్‌లో తెలుగుకు మొదట అందిన ప్రామాణిక రూపాల్లో ఒకటైన గౌతమి ఫాంటు వెనక ఉన్నది స్వయంగా కాలిగ్రాఫర్ అయిన ఆర్.కె. జోషి. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు సాహిత్యం టైపు చేసేవాళ్లకు చాలాకాలం ఆధారమయ్యాయి. 2010ల తొలి ఏళ్లలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన సూరన్న, ధూర్జటి, గురజాడ, మండలి వంటి ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో దొరుకుతాయి. పత్రికలూ పుస్తకాల అట్టలూ ఒకే నాలుగు ముఖాలతో విసుగెత్తించే రోజులు వాటితో పోయాయి. బాపు చేతిరాత కూడా ఫాంటు అయింది. శుభలేఖల్లో అది కనిపించని ముహూర్తాలు తక్కువ.

అయితే ఫాంటులో ప్రతి 'కి' ఒకేలా ఉంటుంది. బాపు కుంచె కింద ఏ రెండు 'కి'లూ ఒకటి కావు. ముందు అక్షరం దీర్ఘం తోసుకొస్తే 'కి' తల వంచుతుంది, తర్వాత వత్తు వస్తే కాలు ముడుచుకుంటుంది. ఈ సర్దుబాటు కొంతవరకు ఫాంటులోనూ సాధ్యమే. ఒక్కో అక్షరానికి మూడు నాలుగు రూపాలు గీసిపెట్టి, పక్కన ఏది వచ్చిందో చూసి తగినదాన్ని ఎంచుకునేలా సూత్రాలు రాయవచ్చు. ఉర్దూ నస్తలీక్ ఫాంట్లు చాలాకాలంగా ఈ పద్ధతిమీదే నడుస్తున్నాయి. గుణింతాలూ వత్తులూ కలిపి వందల కలయికలున్న తెలుగుకు అలా చేయడమంటే ఒక ఫాంటుకు ఏళ్లు పడుతుంది, దానికి తగిన డబ్బులిచ్చే ప్రచురణకర్త అరుదు. అందుకే సినిమావాళ్లు, ఓటీటీ సంస్థలు పేరు ఒక్కటీ చేత్తో రాయించుకుని, మిగతా పోస్టరంతా ఫాంటులో కానిస్తున్నాయి. చేతిరాత నేర్చిన కుర్రవాళ్లకు ప్రస్తుతం పని దొరుకుతున్నది ఎక్కువగా ఆ ఒక్క పేరు దగ్గరే.